కూలి రేటు ఎలా పుడుతుంది?

వరినాట్ల రోజుల్లో ఏ ఊళ్లో అడిగినా కూలి ఎంతో తడుముకోకుండా చెబుతారు. ఆడవాళ్లకు ఇంత, మగవాళ్లకు ఇంత, ఎకరం గుత్తకు తీసుకుంటే ఇంత. ఊరంతా అదే మాట మీద ఉంటుంది. నాలుగు మైళ్ల అవతలి ఊళ్లో రేటు వేరు. నేల, వాన, నాటు వేసే చేతుల నేర్పు మాత్రం రెండు ఊళ్లలోనూ ఒకటే. బొగ్గు బావి దగ్గరికి వెళ్తే ఇంకో రకం తేడా కనిపిస్తుంది. పక్కపక్కనే పనిచేసే ఇద్దరిలో పర్మినెంటు కార్మికుడి జీతం ఒక లెక్క, కాంట్రాక్టు కార్మికుడి జీతం మరో లెక్క.

వీటన్నిటికీ గిరాకీ, సరఫరా అనే రెండు మాటలతో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. ఆ జవాబులో నిజం ఉంది గానీ సగమే ఉంది. మిగతా సగం కోసమే విశ్వవిద్యాలయాల్లో శ్రామిక అర్థశాస్త్రం అనే పేపరు ఉంది. మనుషులు ఎప్పుడు పనికి వస్తారు, యజమానులు ఎంతమందిని పెట్టుకుంటారు, జీతం ఎంత దగ్గర ఆగుతుంది, నిరుద్యోగం ఎందుకు పోదు అన్నవి దాని ప్రశ్నలు. ఆ పేపరుకు జోడుగా చదివేది శ్రమ మార్కెట్ వ్యవస్థలను. అంటే కనీస వేతన చట్టం, కార్మిక సంఘం, వేతన ఒప్పందం, కార్మిక న్యాయస్థానం, భవిష్య నిధి, ఉపాధి హామీ, వీసా నిబంధన, చివరికి ఊరి కట్టుబాటు కూడా.

ఈ చదువు సారాన్ని ఒక్క మాటలో చెప్పమంటే నేను ఇలా చెబుతాను. పనివాడికి ‘ఇది కాకపోతే ఇంకొకటి’ అనగలిగే మరో దారి ఎంత ఉందో, అతని కూలికి అంత బలం ఉంటుంది. ఆ దారిని తెరిచేవి, మూసేవి ఈ వ్యవస్థలే. ఇది ఎంతవరకు నిజమో ఒక్కో మెట్టు ఎక్కుతూ చూద్దాం.

మనిషి వెంట వచ్చే సరుకు

రైతు టమాటా బుట్టను మార్కెట్ యార్డుకు పంపి తాను ఇంట్లో ఉండిపోవచ్చు. శ్రమను అలా పంపలేం. పని అమ్ముకునే మనిషి పని దగ్గరికి తానే వెళ్లాలి. అక్కడి ఎండను, యంత్రం ప్రమాదాన్ని, పైవాడి మాటను భరించాలి. ఈ రోజు అమ్ముడుపోని పనిదినాన్ని రేపటికి దాచుకోలేం. అడ్డా మీద నిలబడ్డ కూలీకి పొద్దెక్కేకొద్దీ బేరం తగ్గేది అందుకే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1944లో ఫిలడెల్ఫియా ప్రకటనలో శ్రమను సరుకుగా చూడరాదని చెప్పింది. అయినా శ్రమకు రోజూ ధర కడుతూనే ఉన్నాం. ఈ రెండింటి మధ్య ఉన్న ఇబ్బందిలోంచే ఈ శాస్త్రం పుట్టింది.

ఇంకో తేడా కూడా ఉంది. ధర పెరిగితే మామూలు సరుకు సరఫరా పెరుగుతుంది. కూలి పెరిగితే పనిగంటలు పెరగవచ్చు, తగ్గనూ వచ్చు. గంట విలువ పెరిగింది కాబట్టి ఇంకో గంట చేద్దామనిపించడం ఒక వైపు. ఇంటికి కావలసింది వచ్చేసింది కాబట్టి కాస్త విశ్రాంతి తీసుకుందామనిపించడం మరో వైపు. మొదటిదాన్ని ప్రత్యామ్నాయ ప్రభావమని, రెండోదాన్ని ఆదాయ ప్రభావమని పాఠాల్లో చెబుతారు. ఏది గెలుస్తుందో సూత్రం చెప్పలేదు, లెక్కలు తీసి చూడాల్సిందే.

స్త్రీల విషయంలో ఈ లెక్క మరింత చిక్కుగా ఉంటుంది. వాళ్లు పనికి వెళ్లడం తమ కూలి మీదే కాక భర్త సంపాదన మీద, పిల్లల వయసు మీద, ఇంటి చాకిరీ ఎవరు చేస్తారన్నదాని మీద ఆధారపడుతుంది. అమెరికా స్త్రీల పని చరిత్రను 200 ఏళ్ల రికార్డుల్లో వెతికి తీసిన క్లాడియా గోల్డిన్‌కు 2023లో నోబెల్ బహుమతి వచ్చింది. వ్యవసాయ సమాజంలో స్త్రీలు ఎక్కువగా పనిలో ఉంటారని, ఫ్యాక్టరీల కాలంలో తగ్గుతారని, చదువు, సేవారంగం విస్తరించాక మళ్లీ పెరుగుతారని ఆమె చూపించారు. దేశం ధనికమైతే స్త్రీలకు పని దానంతటదే పెరుగుతుందనే నమ్మకాన్ని ఆ పరిశోధన పక్కన పెట్టించింది.

డిగ్రీ దేనికి పనికొస్తుంది?

రెండో మెట్టు చదువుకూ జీతానికీ ఉన్న సంబంధం. గ్యారీ బెకర్ 1964లో తెచ్చిన ‘హ్యూమన్ క్యాపిటల్’ పుస్తకం చదువును, శిక్షణను పెట్టుబడిగా చూసింది. ఇవాళ ఫీజు కట్టి, సంపాదన మానుకుని చదివితే నైపుణ్యం పెరుగుతుంది, రేపు జీతంగా తిరిగి వస్తుంది. దీన్ని మానవ మూలధన సిద్ధాంతం అంటారు. 1973లో మైకేల్ స్పెన్స్ మరో కోణం చూపాడు. యజమానికి ఎవరు సమర్థులో ముందుగా తెలియదు. కష్టమైన డిగ్రీ పూర్తి చేసిన వాడు సమర్థుడై ఉంటాడని అనుకుంటాడు. అప్పుడు డిగ్రీ నైపుణ్యాన్ని పెంచకపోయినా, సమర్థుల్ని ఏరే జల్లెడగా పనికొస్తుంది.

ఈ రెండింటి మధ్య తేడా మన ఇళ్లకు నేరుగా తగులుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ అమలై, ఎన్నో పేద కుటుంబాల పిల్లలు మొదటిసారి ఇంజనీరింగ్ కాలేజీ గడప తొక్కారు. డిగ్రీ నైపుణ్యాన్ని పెంచేదైతే ఆ డబ్బు సమాజానికి పెట్టుబడి. జల్లెడ మాత్రమే అయితే, అందరి చేతికీ డిగ్రీ వచ్చిన రోజున యజమాని ఇంకో జల్లెడ వెతుక్కుంటాడు. నిజ జీవితంలో రెండూ కలిసే ఉంటాయి. ఏ కోర్సులో ఏది ఎంత అని తేల్చడానికి విద్యార్థులు ఒక చక్కటి ఉపాయం నేర్చుకుంటారు. ప్రవేశ పరీక్షలో కటాఫ్‌కు ఒకటి రెండు మార్కులు పైన నిలిచినవారిని, ఒకటి రెండు మార్కులు కింద ఆగినవారిని పోలుస్తారు. తెలివిలో, కుటుంబ స్థితిలో వీళ్ల మధ్య పెద్ద తేడా ఉండదు. తర్వాత జీతాల్లో తేడా వస్తే అది చాలావరకు ఆ సీటు వల్ల వచ్చిందే.

పని ఇచ్చేవాడు ఒక్కడే అయితే

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. పాఠ్యపుస్తకంలోని మొదటి బొమ్మలో యజమానులు లెక్కలేనంతమంది ఉంటారు. ఒకరు తక్కువ ఇస్తే కూలీ ఇంకొకరి దగ్గరికి వెళ్తాడు. ఆ లోకంలో ప్రభుత్వం కనీస కూలి పెంచితే కొందరి పని పోక తప్పదు. అయితే ఊళ్లో పెద్ద కమతాలు ఇద్దరు ముగ్గురివే అయినప్పుడు, పట్టణంలో ఒకటే మిల్లు ఉన్నప్పుడు ఏం జరుగుతుంది? బ్రిటిష్ ఆర్థికవేత్త జోన్ రాబిన్‌సన్ 1933లోనే ఈ స్థితికి మోనాప్సనీ అని పేరు పెట్టి వివరించారు. తెలుగులో కొనుగోలు గుత్తాధిపత్యం అనవచ్చు.

చిన్న లెక్కతో చూద్దాం. ఒక యజమాని దగ్గర 10 మంది రోజుకు 400 రూపాయలకు పనిచేస్తున్నారనుకుందాం. పదకొండో మనిషి రావాలంటే 420 ఇవ్వాలి. కొత్తవాడికి 420 ఇచ్చి పాతవాళ్లకు 400 ఇస్తానంటే వాళ్లు ఊరుకోరు, అందరికీ 420 ఇవ్వాల్సి వస్తుంది. అప్పుడు పదకొండో మనిషి వల్ల పడే భారం అతని కూలి 420కి తోడు, పాత పదిమందికి పెంచిన 20 చొప్పున మరో 200. మొత్తం 620. అతని వల్ల వచ్చే పని విలువ 550 అనుకుంటే యజమాని అతన్ని పెట్టుకోడు. వచ్చే మనిషి 420కి సిద్ధం, చేసే పని విలువ 550, అయినా ఆ ఉద్యోగం పుట్టదు.

ఇప్పుడు చట్టం కనీస కూలి 420 అని చెప్పిందనుకోండి. పాతవాళ్లకు ఎలాగూ 420 ఇవ్వాలి కాబట్టి పదకొండో మనిషి వల్ల కొత్తగా పడే భారం 420 మాత్రమే. 550 విలువ చేసే పని కాబట్టి అతనికీ చోటు దొరుకుతుంది. కూలీ పెరిగింది, పనీ పెరిగింది. ఇది హద్దు లేకుండా సాగదు. కనీస కూలిని 600కి తీసుకెళ్తే 550 విలువైన పని ఆగిపోతుంది. అందుకే కనీస వేతనం మంచిదా చెడ్డదా అని గుండుగుత్తగా అడగడం కన్నా, ఈ చోట యజమానికి ఎంత పట్టు ఉంది, రేటు ఎంత ఉండాలి అని అడగడం మేలు.

న్యూజెర్సీలో ఒక పరీక్ష, గల్ఫ్‌లో ఒకటి

సిద్ధాంతం ఇలా రెండు వైపులా మాట్లాడుతుంటే తేల్చాల్సింది అనుభవమే. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం 1992 ఏప్రిల్ 1న కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పొరుగున ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, ఆలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను పెంపుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి సర్వే చేశారు. న్యూజెర్సీలో వచ్చిన మార్పులోంచి పెన్సిల్వేనియాలో వచ్చిన మార్పును తీసేస్తే మిగిలేది వేతన పెంపు ప్రభావం. 1994లో అచ్చయిన ఆ పరిశోధనలో ఉద్యోగాలు తగ్గిన జాడ కనిపించలేదు.

విమర్శ వెంటనే వచ్చింది. జీతాల రికార్డులు తీసి చూస్తే ఉద్యోగాలు తగ్గాయని డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ వాదించారు. కార్డ్, క్రూగర్ ప్రభుత్వ రికార్డులతో మళ్లీ లెక్కించి 2000లో జవాబిచ్చారు, పెద్ద నష్టం కనబడలేదన్నారు. ఆ చర్చ ఇంకా ముగియలేదు. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. క్రూగర్ అప్పటికే 2019లో కన్నుమూశారు. ఈ కథను ప్రతి తరగతిలో చెప్పడానికి కారణం దాని ఫలితం ఒక్కటే అనుకోకూడదు. వాదనను నిలబెట్టడానికి పోల్చదగిన పొరుగును ఎలా వెతకాలో, ఎదుటివాడి లెక్కకు లెక్కతోనే ఎలా జవాబివ్వాలో అది నేర్పింది.

రెండో పరీక్ష మన వాళ్ల జీవితాలకు దగ్గరగా ఉంది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి గల్ఫ్ వెళ్లినవారికి కఫాలా అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. వీసా ఇచ్చిన కఫీల్ దగ్గరే పనిచేయాల్సి వచ్చేది, అతని అనుమతి లేకుండా ఇంకో కంపెనీకి మారడానికి వీలుండేది కాదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2011లో ఈ నిబంధనను కొంత సడలించింది. కాంట్రాక్టు గడువు ముగిశాక పాత యజమాని నో అబ్జెక్షన్ కాగితం ఇవ్వకపోయినా కొత్త యజమాని దగ్గర చేరవచ్చంది. సురేశ్ నాయుడు, యా న్యార్కో, షింగ్ యీ వాంగ్ దీన్ని పరిశీలించి 2016లో ప్రచురించారు. గడువు ముగిసిన కార్మికుల సంపాదన సుమారు 10 శాతం పెరిగింది. విశేషమేమిటంటే చాలామంది కంపెనీ మారకుండానే ఎక్కువ జీతం పొందారు. మారగలరని యజమానికి తెలియడమే చాలింది. అదే పరిశోధన ఇంకో సంగతి కూడా చెప్పింది. స్వదేశాల నుంచి కొత్తగా తెచ్చుకునే కార్మికుల గిరాకీ కొంత తగ్గింది. అక్కడ ఉన్నవారికి తెరుచుకున్న దారి, ఇక్కడ వీసా కోసం ఎదురుచూసేవారికి కొంత ఇరుకైంది. మేలు ఎవరికి, భారం ఎవరికి అని రెండూ లెక్కగట్టే అలవాటు ఈ చదువుతో వస్తుంది.

మన మండలాల్లో

జాతీయ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించారు. రైతుల నుంచి అప్పుడే ఒక ఫిర్యాదు మొదలైంది. ఉపాధి పని వల్ల పొలాలకు కూలీలు దొరకడం లేదు, రేట్లు పెరిగిపోయాయని. ఆ మాటలో ఎంత నిజముందో తేల్చే అరుదైన అవకాశం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే వచ్చింది.

2010 నుంచి ప్రభుత్వం ఉపాధి కూలి చెల్లింపులకు వేలిముద్ర స్మార్ట్‌కార్డులు ప్రవేశపెట్టింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ ప్రభుత్వంతో మాట్లాడి 8 జిల్లాల్లో ఏ మండలానికి ముందు కార్డులు రావాలో లాటరీ పద్ధతిలో నిర్ణయమయ్యేలా చూశారు. 112 మండలాలకు ముందు వచ్చాయి, 45 మండలాలకు ఆలస్యంగా వచ్చాయి. పరిశోధన సాగిన ప్రాంతంలో జనాభా సుమారు 1.9 కోట్లు. లాటరీతో ఎంపిక చేశారు కాబట్టి రెండు రకాల మండలాల మధ్య తర్వాత కనబడే తేడా కార్డుల వల్ల వచ్చిందనే అనుకోవచ్చు.

ముందుగా తేలింది, డబ్బు త్వరగా చేతికందింది, మధ్యలో కారిపోయేది తగ్గింది. తర్వాత తేలింది మరింత ముఖ్యమైనది. పేద కుటుంబాల ఆదాయం గణనీయంగా పెరిగింది. ఆ పెరుగుదలలో అత్యధిక భాగం ఉపాధి పనిలోంచి రాలేదు, బయటి కూలిలోంచి వచ్చింది. ఉపాధి డబ్బు నమ్మకంగా వస్తుందని తెలిసిన కూలీ తక్కువ రేటుకు ఒప్పుకోవడం మానేశాడు. రైతులు చెప్పినట్టు రేట్లు పెరిగిన మాట నిజమే. కూలీలు దొరకలేదన్న మాటకు మాత్రం ఆధారం దొరకలేదు. ప్రైవేటు పనిదినాలు తగ్గకపోగా పెరిగాయి. భూమి కొద్దిమంది చేతుల్లో ఎక్కువగా పోగుపడిన చోట ఆ పెరుగుదల ఇంకా ఎక్కువ. పదకొండో మనిషి లెక్క ఇక్కడ పొలాల్లో కనిపించింది. 2023లో ఎకనామెట్రికా పత్రికలో వచ్చిన ఈ పరిశోధనను ఇవాళ ఎన్నో దేశాల విద్యార్థులు చదువుతున్నారు. ఆ మండలాల పిల్లలు కూడా చదవాలి.

వెళ్లే దారి లేనప్పుడు గొంతు కావాలి

అందరికీ మరో దారి ఉండదు. ఇరవై ఏళ్లు గనిలో పనిచేసినవాడు ఆ నైపుణ్యంతో బయట ఏ పనికి వెళ్తాడు? అలాంటి చోట వేతనాన్ని నిలబెట్టేది సంఘం. రిచర్డ్ ఫ్రీమన్, జేమ్స్ మెడాఫ్ 1984లో సంఘాలకు రెండు ముఖాలున్నాయని వివరించారు. ఒకటి సరఫరాను బిగపట్టి ధర పెంచే గుత్తాధిపత్య ముఖం. రెండోది కార్మికుడి గొంతుగా నిలిచి, ఫిర్యాదు చెప్పి పరిష్కరించుకునే దారి చూపి, అతన్ని ఉద్యోగంలో నిలిపే ముఖం. సంఘం వల్ల సంస్థకు మేలా కీడా అన్నది ఏ ముఖం బలంగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

సింగరేణి దీనికి మంచి పాఠం. ఒకప్పుడు అక్కడ లెక్కకు మించిన సంఘాలు, తరచూ సమ్మెలు. ఎవరితో మాట్లాడితే ఒప్పందం నిలుస్తుందో యాజమాన్యానికి తెలియని స్థితి. 1998లో రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు మొదలయ్యాయి. గెలిచిన సంఘానికి కార్మికుల తరఫున మాట్లాడే హక్కు ఎన్నిక ద్వారా వచ్చింది. బొగ్గు కార్మికుల మూల వేతనాలు దేశస్థాయిలో యాజమాన్యాలు, కేంద్ర సంఘాలు కలిసి కూర్చునే ఉమ్మడి కమిటీలో తేలుతాయి. ఆ ఒప్పందం పర్మినెంటు కార్మికులది. కాంట్రాక్టు కార్మికుడు దాని బయట ఉంటాడు. పక్కపక్కనే పనిచేసే ఇద్దరి జీతాల్లో అంత తేడా ఉండటానికి ముఖ్య కారణం, ఒకరి బేరం ఆ కమిటీలో జరగడం, ఇంకొకరి బేరం కాంట్రాక్టరు దగ్గర జరగడం.

బేరం ఎక్కడ జరగాలన్న ప్రశ్న మీద మంత్రి పదవులే కదిలిన చరిత్ర మనది. బెర్హంపూర్‌లో పుట్టిన తెలుగువాడు, రైల్వే కార్మిక నాయకుడు వి.వి.గిరి 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. వివాదం రాగానే ప్రభుత్వం ట్రిబ్యునల్‌కు పంపితే రెండు పక్షాలూ కూర్చుని మాట్లాడుకోవడం ఎప్పటికీ నేర్చుకోవని ఆయన నమ్మకం. దాన్ని ‘గిరి అప్రోచ్’ అన్నారు. సంఘాలు బలహీనంగా ఉన్న దేశంలో ట్రిబ్యునల్ కూడా లేకపోతే కార్మికుడు నలిగిపోతాడని ఎదుటి వాదన. బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పును ప్రభుత్వం సవరించినందుకు నిరసనగా గిరి 1954లో రాజీనామా చేశారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు. నోయిడాలోని జాతీయ కార్మిక పరిశోధనా సంస్థ ఆయన పేరుతోనే ఉంది. ఆ వాదన రెండు వైపులా ఈనాటికీ బలంగా ఉంది.

సంఘం, చట్టం లేని చోట కూడా కట్టుబాటు ఉంటుంది. ఒడిశా గ్రామాల్లో ఎమిలీ బ్రెజా, సుప్రీత్ కౌర్, నందితా కృష్ణస్వామి చేసిన పరిశోధనలో పనిలేని కూలీలకు ఊరి రేటు కన్నా తక్కువకు పని చూపించారు. ఎవరికీ తెలియకుండా అడిగితే కొంతమంది ఒప్పుకున్నారు. నలుగురి ముందు అడిగితే దాదాపు ఎవరూ ఒప్పుకోలేదు. రేటు చెడగొట్టాడన్న మాట పడటం కూలీకి ఒకరోజు పని పోవడం కన్నా బరువు. పనిలేనివాళ్లు ఉన్నా ఊరి కూలి ఎందుకు పడిపోదో దీన్ని బట్టి తెలుస్తుంది. ఇరుగుపొరుగు ఊళ్లలో రేట్లు ఎందుకు వేరుగా నిలబడతాయో కూడా కొంత అర్థమవుతుంది.

గొంతు కలవడమే కష్టమైన పనులూ ఉన్నాయి. ఉత్తర తెలంగాణలో బీడీలు చుట్టే స్త్రీలు తమ ఇళ్లలోనే కూర్చుని పనిచేస్తారు. ఆకు, తంబాకు టేకేదారు ఇస్తాడు, చుట్టిన బీడీలు తీసుకుంటాడు, వెయ్యి బీడీల లెక్కన కూలి కడతాడు. కంపెనీ ఎక్కడో ఉంటుంది. ఇల్లే ఫ్యాక్టరీ అయినప్పుడు యజమాని ఎవరు అన్నదే వివాదం. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టేవారిని కూడా కార్మికులుగా గుర్తించింది. ఆ గుర్తింపు వల్లే భవిష్య నిధి లాంటి హక్కులు వాళ్ల దాకా వచ్చే దారి ఏర్పడింది. నేడు ఫోన్ యాప్‌తో భోజనం, మనుషుల్ని చేరవేసేవారి విషయంలో అదే వివాదం కొత్తగా మొదలైంది. 2020 సామాజిక భద్రతా కోడ్ గిగ్ కార్మికుడిని పేరు పెట్టి నిర్వచించింది, యజమాని ఎవరన్న చిక్కును మాత్రం పూర్తిగా విప్పలేదు.

చట్టానికి మార్కులు వేయవచ్చా?

1976లో పారిశ్రామిక వివాదాల చట్టానికి ఒక అధ్యాయం చేర్చారు. 300 మంది, అంతకు మించి ఉన్న సంస్థ కార్మికులను తొలగించాలంటే, మూతపడాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్నారు. 1982 సవరణ ఆ పరిమితిని 100కు దించింది. 2020 నాటి కొత్త కోడ్ మళ్లీ 300కు పెంచింది. 29 చట్టాలను నాలుగు కోడ్‌లుగా మార్చిన ఈ వ్యవస్థ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. తీసివేయడం కష్టమైతే పరిశ్రమ కొత్తవారిని పెట్టుకోదని ఒక పక్షం, రక్షణ తీసేస్తే ఉన్న కొద్దిపాటి భద్రతా పోతుందని మరో పక్షం వాదిస్తున్నాయి.

దీన్ని లెక్కల్లో తేల్చే ప్రయత్నం 2004లో తిమోతీ బెస్లీ, రాబిన్ బర్జెస్ చేశారు. కార్మిక చట్టాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి కాబట్టి రాష్ట్రాలు సవరణలు చేసుకోవచ్చు. వీళ్లు 1958 నుంచి 1992 వరకు ప్రతి రాష్ట్ర సవరణనూ చదివి, కార్మికుడికి అనుకూలమైతే ప్లస్ ఒకటి, యజమానికి అనుకూలమైతే మైనస్ ఒకటి వేశారు. ఆంధ్రప్రదేశ్ యజమాని పక్షంలోకి, పశ్చిమ బెంగాల్ కార్మిక పక్షంలోకి వచ్చాయి. కార్మిక పక్ష రాష్ట్రాల్లో సంఘటిత పరిశ్రమ వెనకబడిందని వాళ్ల ఫలితం. ఆ పరిశోధన ప్రభుత్వాల విధాన పత్రాల దాకా వెళ్లింది.

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో బోధించిన ఆదిత్య భట్టాచార్జీ ఆ మార్కులనే తిరిగి చూశారు. గుజరాత్ ఒకే ఒక్క సవరణ వల్ల, అదీ పెద్దగా ప్రభావం లేనిదాని వల్ల, కార్మిక పక్ష రాష్ట్రంగా లెక్కలోకి వచ్చిందని చూపించారు. కాగితం మీది సవరణకూ, కోర్టులు దాన్ని చదివిన తీరుకూ, లేబర్ ఆఫీసరు అమలు చేసిన తీరుకూ మధ్య ఎంతో దూరం ఉందని గుర్తుచేశారు. గణితం ఎంత పదునైనదైనా చట్టం చదవడం రాకపోతే దారి తప్పుతుంది. చట్టం ఒక్కటే చదివినవారు దాని ఫలితాన్ని ఊహించుకుంటారు తప్ప కొలవలేరు. ఈ రెండు విద్యలూ ఒకే విద్యార్థికి రావాలన్నది నా గట్టి నమ్మకం.

ఎవరు పనిలో ఉన్నట్టు?

నిరుద్యోగం శాతం పేపర్లో చదివినప్పుడు దాని వెనుక ఉన్న నిర్వచనం తెలియాలి. 2017–18 నుంచి జాతీయ గణాంక కార్యాలయం ఆవర్తన శ్రామిక శక్తి సర్వే చేస్తోంది. వారం లెక్కన చూస్తే, ఆ ఏడు రోజుల్లో ఏ ఒక్కరోజు ఒక్క గంట పనిచేసినా ఆ మనిషి పనిలో ఉన్నట్టే. ఇంటి పొలంలో, ఇంటి కొట్లో జీతం లేకుండా సాయం చేసినా పనిలో ఉన్నట్టే. ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, ముసలివాళ్లను చూసుకునే స్త్రీ మాత్రం పనిలో లేనట్టు.

15 ఏళ్లు పైబడిన స్త్రీలలో శ్రామిక శక్తి భాగస్వామ్యం 2017–18లో 23.3 శాతం ఉండగా 2023–24 నాటికి 41.7 శాతానికి చేరింది. ఇంత పెరుగుదల సంతోషపడాల్సిందా, ఆందోళన పడాల్సిందా? పెరిగినవారిలో ఎక్కువమంది గ్రామాల్లో స్వయం ఉపాధిలో, అందులోనూ జీతంలేని కుటుంబ సహాయకులుగా చేరారు. ఇది అవకాశాల వల్ల వచ్చిందని కొందరు, ఇంటి ఆదాయం చాలక వచ్చిందని కొందరు, సర్వే ప్రశ్నలు మెరుగ్గా అడగడం వల్ల ఇన్నాళ్లూ కనబడని పని కనబడిందని మరికొందరు అంటున్నారు. 2023–24లో దేశంలో పనిచేసేవారిలో 58 శాతం మంది స్వయం ఉపాధిలో ఉన్నప్పుడు, ఆ ఏడాది నిరుద్యోగం 3.2 శాతమేనన్న అంకె పని దొరికిందని చెబుతుంది గానీ ఆ పనితో ఇల్లు గడుస్తోందని చెప్పదు.

ఎక్కడ, ఎలా చదవాలి?

మన విశ్వవిద్యాలయాల్లో ఇది ఎం.ఏ. అర్థశాస్త్రంలో ఒక ఐచ్ఛిక పేపరుగానో, మానవ వనరులు, సోషల్ వర్క్ కోర్సుల్లో పారిశ్రామిక సంబంధాల పేరుతోనో ఉంటుంది. లోతుగా వెళ్లాలనుకునేవారికి ముంబైలోని టాటా సామాజిక విజ్ఞాన సంస్థ, నోయిడాలోని వి.వి.గిరి సంస్థ, హైదరాబాద్‌లోని కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం ఉన్నాయి. శ్రామిక అర్థశాస్త్రవేత్తల భారతీయ సంఘం 1957 నుంచి పనిచేస్తోంది. దాని పత్రిక చదివితే దేశంలో ఎవరు ఏ ప్రశ్న మీద ఉన్నారో తెలుస్తుంది.

చేరేముందు మూడు పనిముట్లు సిద్ధం చేసుకోవాలి. మొదటిది గణాంకశాస్త్రం. సగటు, రిగ్రెషన్ వచ్చాక, పోలికతో ప్రభావాన్ని విడదీసే పద్ధతులు నేర్చుకోవాలి. శ్రామిక శక్తి సర్వే ముడి గణాంకాలు ఎవరైనా తీసుకోవచ్చు, సొంత జిల్లా లెక్కలు తీసి చూడటం మంచి అభ్యాసం. రెండోది చట్టం. కనీస వేతనం జీవో ఒకటి, వేతన ఒప్పందం ఒకటి, కార్మిక న్యాయస్థానం తీర్పు ఒకటి మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవాలి. మూడోది క్షేత్రం. అడ్డా మీద కూలీతో, చిన్న ఫ్యాక్టరీ యజమానితో, లేబర్ ఆఫీసరుతో విడివిడిగా మాట్లాడాలి. ముగ్గురూ ఒకే సంగతిని మూడు రకాలుగా చెబుతారు. వాటిని కలిపి చూసినప్పుడే పరిశోధన ప్రశ్న దొరుకుతుంది. చదివాక కార్మిక శాఖలో, గణాంక సర్వీసులో, సంఘాల పరిశోధనా విభాగాల్లో, సంస్థల మానవ వనరుల విభాగాల్లో, పత్రికల్లో దీనికి పని ఉంది.

ఈ పేపరు చదవని పాఠకుడికి కూడా దీన్నుంచి మూడు ప్రశ్నలు అందుతాయి. కూలి గురించి, కార్మిక చట్టం గురించి ఎవరు ఏం చెప్పినా అడిగి చూడండి. ఈ పని వదిలేస్తే ఆ మనిషికి ఉన్న మరో దారి ఏమిటి? వదలలేకపోతే అతని తరఫున మాట్లాడే గొంతు ఎవరిది? మీరు చెబుతున్న ఫలితాన్ని దేనితో పోల్చి తేల్చారు? మూడింటికీ జవాబు ఉన్న వాదన వినదగ్గది, మనకు నచ్చని పక్షం నుంచి వచ్చినా సరే.

ఈ శాస్త్రానికి లెక్కలు ఇచ్చింది మన మండలాలు, మన గల్ఫ్ ప్రయాణాలు, మన గనులు. దాన్ని చదివే అవకాశం మాత్రం ఇంగ్లీషు బాగా వచ్చిన కొద్దిమందికే మిగిలింది. కూలీల ఇళ్ల నుంచి వచ్చి తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివే పిల్లలకు ఈ విషయంలో ఉన్న అనుభవం ఏ ప్రొఫెసరుకూ లేదు. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ఈ పేపరును ఐచ్ఛికాల జాబితా చివర వదిలేయకుండా, న్యాయశాస్త్ర, గణాంకశాస్త్ర విభాగాలతో కలిపి, మంచి తెలుగు పాఠ్యపుస్తకాలతో బోధించాలి. వేతనాల మీద నిర్ణయాలు తీసుకునే బల్ల దగ్గర రేపు ఆ పిల్లలు లెక్కలతో కూర్చోగలగాలంటే ఇవాళ చేయాల్సిన పని ఇదే.